రక్తం కొలిచారు సరే, ఇల్మ్ ఎవరు కొలుస్తారు?



మీ ఇంట్లో గఠియా ఉన్న మనిషి ఉంటే ఆమె ఫైలు ఒకసారి కిందికి దించండి. మన ఇళ్లల్లో అది బీరువా మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంటుంది. తెరవండి. ఈఎస్సార్ ఎంతుందో రాసి ఉంటుంది. సీఆర్పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, చేతుల ఎక్స్‌రే అన్నీ ఉంటాయి. ఒక్కో కాగితానికి మీరు పైసలు కట్టారు. ఒంట్లోంచి తీయగలిగిందల్లా తీసి కొలిచారు. ఆ మనిషికి తన బీమారీ గురించి, తను మింగే దవా గురించి ఏం తెలుసో మాత్రం ఏ కాగితం మీదా లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి లేదు.

నా పోట్లాట దాని గురించే. మరీజ్‌కి ఎంత తెలుసో కొలవడం ఈఎస్సార్ కొలవడమంత జరూరీ. ఆ కొలత లేని ఇలాజ్ సగం ఇలాజ్. మా ఉద్దానంలో ఆ సగం ఇలాజ్ ప్రాణాల మీదికి తెస్తుంది. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా వినండి.

నేను రాసేది సుమ్మాదేవి వైపు నుంచి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, హౌరా-చెన్నై రైలు లైను మీద పలాస దాటాక, మందస రోడ్డుకు ముందు వచ్చే చిన్న స్టేషను అది. చుట్టూ జీడి తోటలు, కొబ్బరి తోటలు, ఇంకాస్త పోతే సముద్రం. ఇటు టెక్కలి, పలాస, అటు సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం. ఈ జిల్లాలో మన వాళ్లు పిడికెడు మంది. ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే ఉత్తరాంధ్ర తెలుగు. ఈ పక్క ఆడవాళ్లలో చాలామంది, మన వాళ్లూ బయటివాళ్లూ, జీడి పనికి పోతారు. పిక్క కొట్టాలన్నా, పప్పు మీద పొట్టు తీయాలన్నా వేళ్లే ఆధారం. గఠియా ముందు పట్టేది ఆ వేళ్లనే.

గఠియా అని మనం, కీళ్లవాతం అని పక్కింటివాళ్లు అనేస్తాం గానీ, ఆ ఒక్క పేరు కింద చాలా బీమారీలు దాక్కున్నాయి. వయసు మీద పడి మోకాళ్లు అరిగిపోవడం ఒకటి. 2005, 2006ల్లో ఆంధ్రాని మంచాన పడేసిన చికున్‌గున్యా జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి మిగిలిన నొప్పులు ఇంకొకటి. నేను మాట్లాడేది రుమటాయిడ్ ఆర్థరైటిస్ గురించి. డాక్టర్లు ఆర్ఏ అంటారు. ఒంటిని కాపాడాల్సిన ఫౌజే తిరగబడి సొంత కీళ్ల మీద హమ్లా చేస్తుంది. రెండు చేతుల వేళ్ల కణుపులూ, మణికట్లూ వాస్తాయి. పొద్దున లేచాక గంట దాటినా పిడికిలి బిగుసుకోదు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో సర్వే చేసి 1993లో ప్రచురించిన లెక్క 0.75 శాతం. అంటే వెయ్యిమంది పెద్దవాళ్లలో ఏడెనిమిది మంది. వేరుతో సహా పోయే బీమారీ కాదిది. కానీ మొదటి కొన్ని నెలల్లోనే పట్టుకుని సరైన దవా మొదలుపెడితే చాలామంది వేళ్లు వంకర పోకుండా, పని చేసుకుంటూ బతుకుతారు. ఆలస్యమైతే కీలు దెబ్బతింటుంది. దెబ్బతిన్న కీలు మళ్లీ మామూలుగా కాదు.

మా ఖాలాకి ఈ బీమారీ వచ్చి తొమ్మిదేళ్లు. పర్హేజ్ ఏంటని అడగండి, గడగడా చెప్పేస్తుంది. వంకాయ కూడదు, బంగాళాదుంప కూడదు, పుల్లటి పెరుగు కూడదు, పెద్దకూర వాసన కూడా కూడదు, చన్నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. ఎవరు చెప్పారంటే, అందరూ చెప్పారు. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లు కూడా చెప్పారు. "ఖాలా, నువ్వు వేసుకునే గోలీ పేరేంటి?" అని అడిగాను.

"పసుపుపచ్చది, బేటీ."

"పసుపుపచ్చవి రెండున్నాయి కదా, ఏది ఎప్పుడు?"

"షాపు అబ్బాయి కవరు మీద గీతలు పెట్టాడమ్మా. కవరు చూసి వేసుకుంటా."

కవరు చిరిగిపోతే? దానికి ఖాలా దగ్గర జవాబు లేదు. ఆమె తెలివితక్కువది కాదు. ముగ్గురు పిల్లల నిఖాలు, మూడు చీటీల లెక్కలు, ఊళ్లో అందరి బాకీలు ఆమె తలలోనే ఉన్నాయి. తొమ్మిదేళ్లలో ఒక్క డాక్టరు, ఒక్క నర్సు, ఒక్క షాపువాడు ఆమెని ఈ సవాల్ అడగలేదు. అడిగి ఉంటే ఆమె నేర్చుకుని ఉండేది.

ఆ రెండు పసుపుపచ్చ గోలీల సంగతి చెప్తాను. చాలా కంపెనీల్లో ఒకటి మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. రెండూ చిన్నవి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మెథోట్రెక్సేట్ ఆర్ఏకి ప్రపంచమంతా మొదట ఇచ్చే దవా. మంచి దవా, చవక దవా. కానీ దాన్ని వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే అది జహర్. నోరంతా పుళ్లు పడి, ఎముక మూలుగలో రక్తం తయారవడం ఆగిపోయి మనిషి చనిపోవచ్చు. ఇదేమీ మన పల్లెల్లో మాత్రమే జరిగే గఫ్లత్ కాదు. ఇంగ్లండులో మరీజ్‌ల భద్రత చూసే సర్కారీ సంస్థ 2004లో లెక్క తీస్తే, పదేళ్లలో ఈ దవా పొరపాట్ల వల్ల 25 మంది చనిపోయినట్టు తేలింది. చదువులున్న దేశం, నర్సులున్న దేశం, అక్కడి సంగతి ఇది. 2019లో యూరప్ మందుల సంస్థ కూడా, వారానికి ఒక్కసారే అన్న హెచ్చరిక డబ్బా మీద కనబడేలా ఉండాలని, మరీజ్ చేతికి ఒక కార్డు ఇవ్వాలని చెప్పింది.

మా వీధిలో ఒకావిడకి ఇదే జరిగింది. "వారానికొకటి అని డాక్టరు చెప్పినాడేమో, నాకేటి తెలుస్తాది? కవరు మీద రాత్రి అని రాసీసినారు. రోజూ రాత్రి ఏసీసుకున్నాను" అంది. ఎనిమిదో రోజుకి నోట్లో నీళ్లు కూడా దిగలేదు. విశాఖ తీసుకెళ్లారు, రక్తం ఎక్కించారు. బతికింది, అల్హందులిల్లాహ్. తర్వాత ఆమె మీద పడ్డ మాటలు వినాలి మీరు. "చెప్పింది వినదు", "చదువు లేకపోతే ఇంతే". చెప్పామంటున్నారు కదా, ఆమెకి అర్థమైందో లేదో చూశారా? అమ్మినవాడు చూశాడా? ఒక్క నిమిషం ఆపి, "ఇది ఎప్పుడు వేసుకుంటావమ్మా, నాకు చెప్పు" అని అడిగుంటే ఆమె "రోజూ రాత్రి" అనేది. అక్కడే పట్టుబడేది. ఆ ఒక్క సవాలే నేను అడిగే కొలత.

ఇక ఉద్దానం సంగతి. మా గుర్దాల బాధ మీరు టీవీలో చూసే ఉంటారు. 2019లో వచ్చిన ఒక అధ్యయనం ఈ ప్రాంతంలో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఉందని తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరూ బీపీ లాంటి మామూలు కారణాలు లేవు. నీళ్లా, నీళ్లలోని సిలికానా, పురుగుమందులా, మండుటెండలో నీళ్లు తాగకుండా చేసే పనా అని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. సర్కారు 700 కోట్లతో హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటరు మొదలయ్యాయి. మంచిదే, షుక్రియా.

కానీ అసలు కారణం ఏదైనా, ఇప్పటికే నలిగిపోయిన గుర్దాల మీద నొప్పి గోలీల బరువు వేయకూడదన్న విషయంలో ఏ డాక్టరుకీ షక్ లేదు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్. పేరు ఏదైనా పని ఒకటే. నొప్పి తగ్గిస్తాయి, గుర్దాలకి రక్తం వెళ్లే దారిని తగ్గిస్తాయి. ఆర్ఏ ఉన్న మనిషికి రోజూ నొప్పే. ఆమె ఏం చేస్తుంది? సందు చివర షాపుకి పోయి పది గోలీలు తెచ్చుకుంటుంది. లేదంటే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటుంది. పైగా మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోయేది కూడా గుర్దాల ద్వారానే. గుర్దా మందగిస్తే వారానికొక్కసారి వేసుకున్నా అది ఒంట్లో పేరుకుపోతుంది. అంటే ఉద్దానంలో ఆర్ఏ మరీజ్ రెండు వైపుల నుంచీ ఖత్రాలో ఉంది. ఆమెకి ఈ ముక్క తెలుసా? ఎవరైనా కొలిచారా?

కొలవడం కుదరదనే వాళ్లకి చెప్తున్నా, కుదురుతుంది, ఎప్పుడో చేశారు కూడా. 1991లోనే ఇంగ్లండులోని లీడ్స్‌లో జాకీ హిల్, ఆమె తోటివాళ్లు ఆర్ఏ మరీజ్‌లకి ఎంత తెలుసో కొలిచే ఒక సవాళ్ల కాగితం తయారుచేసి ప్రచురించారు. బీమారీ ఏమిటి, రక్త పరీక్షలు ఏం చెప్తాయి, దవాలు ఎలా వేసుకోవాలి, కసరత్తు, కీళ్లని కాపాడుకుంటూ పని చేయడం, ఇవే అందులోని సంగతులు. మరీజ్‌కి నేర్పడం ఇలాజ్‌లో భాగమేనని యూరప్ రుమటాలజీ డాక్టర్ల సంఘం 2015లో సిఫారసులు రాసింది. దునియాలో ముప్పై ఏళ్లకు పైగా నడుస్తున్న పని ఇది.

అయితే ఆ కాగితాన్ని తెలుగులోకో ఉర్దూలోకో తర్జుమా చేసి మా ఖాలా చేతిలో పెట్టమని నేను అనడం లేదు. నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడం బడికి పోయినవాళ్ల ఆట. ఖాలా ఓడిపోతుంది, ఆమెకి తెలియకపోవడం వల్ల కాదు, కాగితం ఆమెది కాకపోవడం వల్ల. మన దేశం డాక్టర్లకి ఈ సంగతి బాగా తెలుసు. బీమారీ వల్ల మనిషి ఏ పని చేయగలదో, ఏది చేయలేదో కొలిచే ఒక అమెరికా కాగితాన్ని వాళ్లు 2002లో మన బతుకుకి తగ్గట్టు మార్చారు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలవా, ఆటో ఎక్కి దిగగలవా, 3 కిలోమీటర్లు నడవగలవా, కూరగాయల బజారుకి పోయి రాగలవా అని అడుగుతుంది అది. చేతులు ఏం చేయగలవో మన బతుకులోంచి అడగగలిగినప్పుడు, తలలో ఏముందో కూడా మన బతుకులోంచే అడగొచ్చు కదా?

నేనైతే ఇలా అడుగుతాను. నోటితోనే, మరీజ్ ఇంట్లో మాట్లాడే జబాన్‌లోనే. జవాబులు కూడా రాస్తున్నాను, ఎందుకంటే చదివే మీ ఇంట్లోనే ఎవరికో ఇవి కావాలి.

1. మీ బీమారీ అరుగుదలా, వాపు బీమారీయా? రెండిటికీ ఇలాజ్ వేరు. ఆర్ఏని అరుగుదల అనుకుని "వయసైపోయింది" అని కూర్చుంటే కీళ్లు పోతాయి.

2. ఈ గోలీల్లో వారానికి ఒక్కసారి వేసుకునేది ఏది? చేత్తో తీసి చూపించండి. ఏ రోజు? జుమ్మా అయితే జుమ్మా, అది మారకూడదు. ఫోలిక్ యాసిడ్ ఏ రోజో డాక్టరు విడిగా చెప్తారు. ఒక వారం మర్చిపోతే తర్వాతి వారం రెండూ కలిపి వేసుకోకూడదు.

3. నొప్పి తగ్గించే గోలీ ఏది, బీమారీని అదుపు చేసే గోలీ ఏది? మొదటిది గంటలో తెలుస్తుంది. రెండోది పనిచేయడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. ఇది తెలియకే చాలామంది "దీనివల్ల ఫాయిదా లేదు" అని అసలు దవా ఆపేసి, నొప్పి గోలీ పట్టుకుంటారు.

4. మీ క్రియాటినిన్ చివరిసారి ఎప్పుడు చూశారు? నొప్పి సూది వేసేవాడికి ముందుగా ఏం చెప్పాలి? "నాకు మెథోట్రెక్సేట్ నడుస్తోంది, నేను ఉద్దానం మనిషిని, గుర్దా పరీక్ష చూడకుండా వేయొద్దు" అని చెప్పాలి. మూత్రంలో మంటకి, విరేచనాలకి రాసే కో-ట్రైమాక్సజోల్ అనే దవా మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ప్రాణం తీయగలదు. అందుకే ఏ డాక్టరు దగ్గరికి పోయినా, దేనికి పోయినా, ఈ గోలీ పేరు చెప్పాలి.

5. ఏం కనబడితే గోలీ ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి? నోట్లో పుళ్లు, జ్వరం, తగ్గని పొడి దగ్గు, ఆయాసం, కళ్లు పచ్చబడడం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్ల మచ్చలు.

6. మీరు వేసుకునేవాటిలో స్టెరాయిడ్ ఉందా? దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుంది? నెలల తరబడి వాడినదాన్ని హఠాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

7. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా? మెథోట్రెక్సేట్ మీద ఉండగా గర్భం రాకూడదు. గర్భం పోవచ్చు, బిడ్డ అవయవాలు దెబ్బతినవచ్చు. ముందే డాక్టరుకి చెబితే గర్భంలో కూడా వాడగలిగే వేరే దవాలకి మారుస్తారు.

8. రంజాన్‌లో గోలీలు ఎలా వేసుకుంటారు? డాక్టర్ని అడిగి మార్చుకున్నారా, మీ అంతట మీరే మానేశారా? పగలంతా నీళ్లు లేని ఒంటి మీద, ఖాళీ కడుపు మీద నొప్పి గోలీ పడితే గుర్దాకీ కడుపుకీ రెండిటికీ దెబ్బ. బీమార్‌కి రోజా విషయంలో దీన్‌లోనే రుఖ్సత్ ఉంది. వంగలేనివాళ్లు కుర్చీలో నమాజ్ చేయడంలో షరం లేదు.

9. కీళ్లు నొప్పి పెడుతున్నాయని కదలకుండా కూర్చుంటున్నారా? వాపు ఎక్కువున్నప్పుడు ఆరాం, తగ్గాక కసరత్తు. బిందె వేళ్లతో కాకుండా రెండు అరచేతులతో, మోచేతి ఊతతో ఎత్తాలి. 

10. ఇంట్లో చుట్ట, బీడీ ఉందా? పొగతో ఆర్ఏ వచ్చే ఖత్రా పెరుగుతుంది, వచ్చాక ముదురుతుంది. మా వైపు ముసలమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దానికీ కీళ్లకీ లింకు ఉండొచ్చని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

పది సవాళ్లు, పది నిమిషాలు. ఒక్కో జవాబుకి తెలుసు, సగం తెలుసు, తెలియదు అని మూడే గుర్తులు. తారీఖు వేసి, క్రియాటినిన్ కాగితం పక్కనే పెట్టాలి. తెలియనివి అప్పుడే చెప్పి, ఆమె నోటితో మళ్లీ చెప్పించుకోవాలి. మూడు నెలలకి మళ్లీ అడగాలి. అంత టైము లేదంటారా? 2, 4, 5 అడగండి. రెండు నిమిషాలు. ప్రాణం పోయేది ఆ మూడింటి దగ్గరే.

ఇప్పుడు నాకు ఎదురయ్యే మాటలకి జవాబు చెప్తాను.

"ఓపీలో వందమంది ఉంటే డాక్టరు ఎవరిని అడుగుతాడు?" డాక్టరే అడగక్కర్లేదు. నర్సు అడగొచ్చు, ఫార్మసీ కిటికీ దగ్గర అడగొచ్చు, ఊళ్లో ఏఎన్ఎం, ఆశా అడగొచ్చు. ఉద్దానంలో ఇంటింటికీ తిరిగి గుర్దా పరీక్షలకి రక్తం తీశారు. రక్తం తీయడానికి గడప దాకా రాగలిగిన హుకూమత్, మూడు సవాళ్లు అడగడానికి రాలేదా?

"చదువు రానివాళ్లకి ఏం అర్థమవుతుంది?" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. జీడిపప్పు ముక్కని చూపుతోనే గ్రేడు చెప్పేసే ఆడదానికి, రెండు గోలీల మధ్య ఫరక్ అర్థం కాదా? చెప్పే ఓపిక లేనివాళ్లు, వినేవాళ్ల మీద ఇల్జామ్ వేస్తున్నారు. 

"అన్నీ చెబితే భయపడి దవా మానేస్తారు." భయపడి మానేసేవాళ్లు ఇప్పటికే మానేస్తున్నారు, ఆటోలో విన్న మాటలు నమ్మి. సరైన మాట మీరు చెప్పకపోతే తప్పుడు మాట ఎవరో చెప్తారు. మెథోట్రెక్సేట్‌ని "కేన్సర్ గోలీ" అని ఎవరో చెప్పగానే గోలీలు పారేసినవాళ్లున్నారు. కేన్సర్‌కి అదే దవా చాలా పెద్ద మోతాదులో ఇస్తారని, ఇక్కడ ఇచ్చేది చిన్న మోతాదు అని ముందే చెప్పి ఉంటే పారేసేవాళ్లు కాదు.

ఇంకో మాట ఉంది, అది బరువైన మాట కాబట్టి దాటేయను. "తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గుతుందా?" తగ్గదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ అనే ఆవిడ 1970ల చివరి నుంచి కీళ్లనొప్పుల మరీజ్‌లకి క్లాసులు నడిపింది. నేర్చుకున్న ఇల్మ్ కంటే "నేను దీన్ని సంభాళించుకోగలను" అన్న భరోసా పెరిగినవాళ్లకే ఎక్కువ ఫాయిదా కలిగిందని ఆమె బృందం గమనించింది. ఆ భరోసాని కొలిచే కాగితాన్ని 1989లో ప్రచురించారు కూడా. నేను ఒప్పుకుంటాను. భరోసాని కూడా కొలవండి. కానీ ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో తెలియని మనిషికి భరోసా ఎక్కడి నుంచి వస్తుంది? మా వీధి ఆవిడకి భరోసా నిండుగానే ఉంది. కవరు మీద నమ్మకంతోనే రోజూ మింగింది.

ఒక షర్త్ మాత్రం పెడతాను. ఈ కొలతని మరీజ్‌ని తిట్టడానికి వాడకూడదు. "నీకు పదికి మూడే వచ్చాయి" అని ఆమె మొహం మీద అనడానికి అయితే అసలు వద్దు. తొమ్మిదేళ్లుగా ఇలాజ్ జరుగుతున్న మనిషికి పదికి మూడు వస్తే, అవి ఆమె మార్కులు కావు, ఇలాజ్ చేసినవాళ్ల మార్కులు. ఆస్పత్రి గోడ మీద రాయాల్సింది వాటిని.

మన వాళ్లకి కూడా కొన్ని మాటలు. బయటివాళ్ల మీద కోపం ఒక్కటే చూపిస్తే ఇన్సాఫ్ కాదు.

డాక్టరు ఖాలాని అడిగితే ఖాలూ జవాబు చెప్తాడు. ఫుప్పూని అడిగితే కొడుకు చెప్తాడు. నొప్పి ఆమెది, నోరు వీళ్లది. మగవాళ్లు తోడుగా రావడం మంచిదే, కానీ సవాల్ ఆమెకి వేసినప్పుడు ఆమెనే చెప్పనివ్వండి. ఇంట్లో దవాలు తెచ్చేది మీరైనా, మింగేది ఆమె.

ఇంకా పెద్ద జులుం రిష్తా పేరుతో జరుగుతోంది. పిల్లకి ఇరవై ఏళ్లకే ఆర్ఏ వస్తుంది. బయటికి తెలిస్తే రిష్తా రాదని దాచేస్తారు. నిఖా అయ్యాక అత్తగారింట్లో గోలీ వేసుకుంటే కనబడుతుందని మానేయమంటారు. లేదంటే దొంగచాటుగా మింగుతుంది. ఏడో సవాల్ జవాబు ఆ పిల్లకి ఎవరూ చెప్పి ఉండరు. మెథోట్రెక్సేట్ మీద ఉండగానే నెల తప్పుతుంది. ఆ తర్వాత జరిగేదానికి "తఖ్దీర్" అని పేరు పెడతారు. ఇది తఖ్దీర్ కాదు. పెద్దలు దాచిపెట్టిన ఒక మాట ఖరీదు.

వేళ్లు వాచిన మూడో రోజే నొప్పి మాయం చేసే పొడుల గురించి కూడా చెప్పాలి. జడీబూటీ అని అమ్మే పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపిన సంగతి మన దేశంలో ఎన్నోసార్లు బయటపడింది. కీళ్లబీమారీలో మూడు రోజుల్లో కరామత్ జరిగిందంటే, ఆ పొట్లంలో ఏముందో అడగండి. పేరు చెప్పని దవా మింగకండి, అమ్మేవాడికి గడ్డం ఎంత పొడుగున్నా సరే. దువా చేయండి, దవా కూడా వేసుకోండి. ఇలాజ్ చేయించుకోమనే మన దీన్ చెప్పింది.

చివరగా నా డిమాండ్లు. పలాసలో అయినా, టెక్కలిలో అయినా, శ్రీకాకుళంలో అయినా, కీళ్లనొప్పుల మరీజ్‌కి మెథోట్రెక్సేట్ రాసిన ప్రతిచోటా చీటీ మీద "వారానికి ఒక్కసారే" అని, ఏ రోజో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. చదవలేనివాళ్ల కోసం ఏడు గళ్లు గీసి ఒక్క గడి నింపాలి. గోలీలు ఇచ్చేముందు మరీజ్ నోటితో చెప్పించుకోవాలి. క్రియాటినిన్ చూసిన ప్రతిసారీ ఆ సవాళ్లు కూడా అడిగి, తారీఖుతో ఫైల్లో పెట్టాలి. మెడికల్ షాపులు చీటీ లేకుండా నొప్పి గోలీలు ఇవ్వడం ఈ ప్రాంతంలోనైనా ఆపాలి. దేనికీ కొత్త భవనం అక్కర్లేదు, మిషను అక్కర్లేదు.

హుకూమత్ మేలుకునే దాకా మనం ఆగక్కర్లేదు. మసీదు కమిటీలు జుమ్మా తర్వాత ఐదు నిమిషాలు ఇవ్వండి. చదువుకున్న పిల్లలు పక్కింటి నానీ గోలీల డబ్బా తెరిచి రెండో సవాల్ అడగండి. ఆమె మన మనిషి అవనివ్వండి, పొరుగు మనిషి అవనివ్వండి, గుర్దా అందరిదీ ఒకటే. ఆమె తప్పు గోలీ చూపిస్తే కోప్పడకండి. కూర్చోబెట్టి చెప్పి, మళ్లీ ఆమె చేత చెప్పించుకోండి. డబ్బా మీద ఆ రోజు పేరు రాయండి.

వస్సలాం.